70 గేట్లు, ఒకే ఫోటో

(తెరపై: సీతానగరం వైపు కృష్ణ ఒడ్డు, ఉదయం. ఎదురుగా బ్యారేజీ, దాని అవతలి కొసన ఇంద్రకీలాద్రి.)

నమస్కారం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు కిలోమీటరు పైచిలుకు, గేట్లు 70. ఈ ఒడ్డు నుంచి కొండతో సహా దాన్ని ఒక్క ఫోటోలో పట్టడానికి మామూలు లెన్స్ చాలదు. వైడ్ లెన్స్ పెడితే అంతా పడుతుంది గానీ ఇంద్రకీలాద్రి చిన్న గుట్టలా కనిపిస్తుంది. అందుకని తొమ్మిది ఫోటోలు విడివిడిగా తీసి, వాటిని ఫోటోషాప్‌లో కలుపుతున్నాను.

కెమెరాను నిలువుగా పట్టుకుని, నిలబడిన చోటు మారకుండా ఎడమ నుంచి కుడికి తిరుగుతూ, ముందటి ఫోటోలో పడిన దృశ్యంలో సుమారు 40 శాతం తరువాతి ఫోటోలోనూ ఉండేలా తీయాలి. రెండింటిలోనూ ఉన్న గుర్తులను పోల్చుకునే సాఫ్ట్‌వేర్ వాటిని జత చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫోటోలో వెలుతురు ఎంత), వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల ఛాయ) ఆటోలో వదిలేస్తే నీటి మెరుపు పడిన ఫోటో ఒక రంగులో, కొండ నీడ పడినది మరో రంగులో వచ్చి, కలిపాక ఆకాశం బొంతలా తయారవుతుంది. మాన్యువల్‌లో పెట్టి, చివరి ఫోటో దాకా ముట్టుకోకండి. దగ్గరి చెట్టుకొమ్మలను కూడా ఫ్రేములోకి రానివ్వకండి. కెమెరా బెత్తెడు పక్కకు జరిగినా అవి వెనకటి దృశ్యం కంటే ఎక్కువగా జరిగినట్టు పడి, అతుకు తప్పుతుంది.

(తెరపై: ఫోటోషాప్.)

ఫైల్ మెనూలో ఆటోమేట్, అందులో ఫోటోలను కలిపే ఫోటోమెర్జ్. లేఅవుట్‌గా సిలిండ్రికల్ ఎంచుకుంటున్నాను. బ్యారేజీ గీత విల్లులా కొద్దిగా వంగుతుంది, నిజమే. కానీ పర్‌స్పెక్టివ్ అనే మరో లేఅవుట్‌లో రెండు కొసలూ సాగదీసినట్టు వస్తాయి, నా కంటికి అదే ఎక్కువ ఎబ్బెట్టు.

ఇక్కడ ఒక చిక్కుంది. గేట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండడం వల్ల సాఫ్ట్‌వేర్ ఒక స్తంభాన్ని దాని పక్క స్తంభంగా పొరబడవచ్చు, అప్పుడు ఒక గేటు మాయమవుతుంది. విడి ఫోటోను పక్కన పెట్టుకుని, అతుకు పడిన చోట గేట్లు లెక్కపెట్టండి. నేను మొదటిసారి లెక్కపెట్టలేదు, ఒక మిత్రుడు లెక్కపెట్టాడు.

(తెరపై: చిత్రం దగ్గరగా. నీటిపై ముందుభాగం మాత్రమే ఉన్న పడవ.)

రెండు ఫోటోల మధ్య ఈ చేపల పడవ కదిలింది, అందుకే సగమే మిగిలింది. ఇరేజర్ తీయకండి. ఒక్కో ఫోటో ఒక్కో లేయర్‌గా, అంటే పొరగా ఉంది, ప్రతి లేయర్ పక్కనా ఒక మాస్క్ ఉంది: అందులో తెలుపు ఉన్న చోట ఆ ఫోటో కనిపిస్తుంది, నలుపు ఉన్న చోట దాగుతుంది. పడవ పూర్తిగా ఉన్న లేయర్ మాస్క్‌పై, అంచు మెత్తగా ఉన్న బ్రష్‌తో తెలుపు పూస్తున్నాను. దాని పైనున్న లేయర్ మాస్క్‌పై అదే చోట నలుపు. చెయ్యి జారితే ఎక్స్ కీ నొక్కి రంగు మార్చుకుని మళ్లీ పూస్తే సరిపోతుంది, ఫోటోకు ఏమీ కాదు.

(తెరపై: పడవ తోకతో సహా తిరిగి వస్తుంది.)

ఇక ఖాళీగా మిగిలిన అంచులను క్రాప్ చేసి, మాస్కులు చెరిగిపోకుండా ముందు ఫోటోషాప్ సొంత ఫైల్ అయిన పీఎస్‌డీగా, ఆ తర్వాత జేపెగ్‌గా సేవ్ చేస్తున్నాను.