తీర్మానం ఒకచోట, ఓటు మరోచోట

శ్రోతలకు నమస్కారం.

యుద్ధాన్ని ఆపడానికి చెయ్యగలిగినదంతా చెయ్యాలని 1907లో స్టుట్‌గార్ట్‌లో రెండవ ఇంటర్నేషనల్, అంటే వివిధ దేశాల సోషలిస్టు పార్టీల ఉమ్మడి సంఘం, తీర్మానించింది. ఎలా ఆపాలన్నది మాత్రం ఆయా దేశాల పార్టీలకే వదిలేసింది. సార్వత్రిక సమ్మెకు కట్టుబడడానికి జర్మన్లు ఒప్పుకోలేదు. బ్రస్సెల్స్‌లో ఒక బ్యూరో ఉండేది గానీ, ఉత్తరాలు నడపడం, సభలు కూర్చడం వరకే దాని పని. ఏ పార్టీనీ శాసించలేదు. 1914 జూలై నెలాఖరున అది హడావిడిగా కూడి, వియన్నాలో జరగాల్సిన మహాసభను ఆగస్టు 9కి పారిస్‌కు మార్చింది. ఆ తేదీకల్లా యుద్ధం మొదలైపోయింది.

అసలు కథ బెర్లిన్‌లో జరిగింది. ఆగస్టు 3న సోషల్ డెమోక్రాట్ (జర్మన్ సోషలిస్టు పార్టీ) ఎంపీలు లోలోపల ఓటు వేసుకుంటే, యుద్ధ ఖర్చుకు సర్కారు అప్పు తెచ్చుకునే యుద్ధ రుణాలకు 78 మంది సరేనన్నారు, 14 మంది కాదన్నారు. మర్నాడు పార్లమెంటులో ఆ 14 మందిలో ఒక్కరూ ఎదురు ఓటెయ్యలేదు. పార్టీ కట్టుబాటు అలాంటిది. రుణాలను సమర్థిస్తూ ప్రకటన చదివిన హ్యూగో హాజే, ముందురోజు కాదన్నవాళ్లలో ఒకడు! అదే పార్టీ ఎంపీ కార్ల్ లీబ్‌నెహ్ట్ పార్లమెంటులో ఒంటరిగా 'వద్దు' అన్నది డిసెంబరు 2న.

ఈ వదులుతనానికి విరుగుడుగా 1919లో మాస్కోలో మూడవ ఇంటర్నేషనల్, అంటే కామింటర్న్ పుట్టింది. మరుసటేడు తనలో చేరదలిచిన పార్టీలకు 21 షరతులు పెట్టింది. పేరు 'కమ్యూనిస్టు పార్టీ'గా మార్చుకోవాలి, సంస్కరణవాదులను వదిలించుకోవాలి, కామింటర్న్ కేంద్ర కార్యవర్గం మాట శిరసావహించాలి. 1920 డిసెంబరులో ఫ్రెంచి సోషలిస్టులు తూర్ నగరంలో దీనిమీదే చీలిపోయారు. చేరదామన్నవాళ్లకు 3,208 ఓట్లు, ఆగుదామన్నవాళ్లకు 1,022. నెల తిరక్కుండానే ఇటలీలోనూ ఇదే జరిగింది. మిగిలిన సోషలిస్టులు 1923లో హాంబుర్గ్‌లో మరో ఇంటర్నేషనల్ కట్టుకున్నారు.

తాడు బిగిస్తే ఏమవుతుందో జర్మనీలో తేలింది. 1928 నుంచి కామింటర్న్ పంథా సోషల్ డెమోక్రాట్లనే ప్రధాన శత్రువులుగా చూపింది. తర్వాత 'సోషల్ ఫాసిస్టులు' అనడం మామూలైంది. అటువైపూ పగ తక్కువేం కాదు. 1929 మే దినాన బెర్లిన్ వీధుల్లో కాల్పులు జరిపిన పోలీసులు సోషల్ డెమోక్రాట్ కమిషనర్ కింద పనిచేసేవాళ్లే. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలకు 196 సీట్లు వచ్చాయి. సోషల్ డెమోక్రాట్లకు 121, కమ్యూనిస్టులకు 100. కూడితే 221. ఆ కూడిక కాగితం మీదే ఉండిపోయింది. ఒక్కటైతే హిట్లర్ ఆగేవాడని గట్టిగా చెప్పలేం, సైన్యం, ప్రెసిడెంటు రెండూ ఎదుటి పక్షంలోనే ఉన్నాయి. కానీ కలిసి సమ్మెకు పిలుపిచ్చే దారి కూడా మిగల్లేదు.

పంథా మారింది 1935 మహాసభలో. ఇప్పుడు అదే సోషలిస్టులతో కలిసి ప్రజా ఫ్రంటు, అంటే ఫాసిస్టులకు ఎదురుగా ఉమ్మడి కూటమి, కట్టమన్నారు. కామింటర్న్‌కు అదే ఆఖరి మహాసభ. 1943లో దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించినప్పుడు మహాసభ జరపనే లేదు.