ఎనిమిదో నంబరు అయిపోయిందండీ

శ్రోతలకు నమస్కారం. చెప్పుల దుకాణంలో నచ్చిన జతను చేతిలోకి తీసుకుని "దీంట్లో ఎనిమిది ఉందా?" అని అడిగితే, గుమాస్తా లోపలికి వెళ్లి వెతికి వచ్చి "ఎనిమిది అయిపోయిందండీ, ఆరూ పదీ ఉన్నాయి" అని చెప్పడం మీలో చాలామందికి అనుభవమే. ఆ మాటకు కారణం ఆ దుకాణంలో కనబడదు. మూడు నాలుగు నెలల కిందట మావంటి పంపిణీదారులు రాసిన కొనుగోలు ఆర్డరులోనో, మా గోడౌన్ అరల్లోనో అది ఉంటుంది. విజయవాడలో పాదరక్షల పంపిణీ వ్యాపారంలో చాలా ఏళ్లుగా కొనుగోళ్లు, గోడౌన్ చూసుకుంటున్న నేను ఈ రోజు ఆ సంగతులు మీతో పంచుకుంటాను.

మా గోడౌన్‌కు తోలు బూట్లు ఆగ్రా నుంచి, తమిళనాడులోని ఆంబూరు ప్రాంతం నుంచి వస్తాయి. స్పోర్ట్స్ షూలు హర్యానాలోని బహదూర్‌గఢ్ నుంచి, పీయూ, అంటే పాలియురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన చెప్పులు కేరళలోని కోళికోడ్ నుంచి వస్తాయి. ఫ్యాక్టరీ కార్టన్ల లెక్కన పంపుతుంది, తెనాలిలోని చిన్న దుకాణదారుకు పది జతలు చాలు, అదీ అరువు మీద కావాలి. ఈ రెంటికీ మధ్యనున్న దూరాన్ని పూడ్చడమే మా పని.

ఒక మోడల్‌ను మేము ఆర్టికల్ అంటాము. ఒక ఆర్టికల్ మూడు రంగుల్లో, ఆరు నుంచి పది వరకు ఐదు సైజుల్లో వస్తే అది మాకు ఒక సరుకు కాదు, పదిహేను సరుకులు. అటువంటి ఆర్టికల్స్ 200 ఉంటే 3000 రకాలకు విడివిడిగా లెక్క ఉంచాలి. మగవారి చెప్పులు సాధారణంగా సెట్లుగా వస్తాయి. పన్నెండు జతల సెట్ అయితే ఆరు ఒకటి, ఏడు మూడు, ఎనిమిది నాలుగు, తొమ్మిది మూడు, పది ఒకటి అన్న పాళ్లు ఒక ఉదాహరణ. దుకాణంలో ఎనిమిది, తొమ్మిది ముందుగా అమ్ముడైపోయి, ఆరూ పదీ మిగిలితే వాటిని కట్ సైజులు అంటారు. బియ్యం వ్యాపారి బస్తాలో పది కిలోలు మిగిలినా అది బియ్యమే, ఎవరైనా కొంటారు. మాకు మిగిలిన ఆరో నంబరు ఎనిమిది కావలసిన వాడికి ఏ ధరకూ పనికిరాదు, ఎందుకంటే మన దగ్గర వాడే బ్రిటిష్ కొలతలో సైజుకూ సైజుకూ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు.

పైగా పెట్టె మీది అంకె మొత్తం సంగతి చెప్పదు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిచినప్పుడు, మన పాదాలు ఐరోపా వారి పాదాల కంటే వెడల్పు అని తేలింది. అందువల్ల ముందుభాగం ఇరుకుగా ఉన్న ఆర్టికల్‌లో కొనేవారు ఒక సైజు పైకి వెళతారు. ఆ ఆర్టికల్‌ను మామూలు పాళ్లలో తెప్పిస్తే తొమ్మిదో నంబరుకు కొరత తప్పదు.

కొనుగోలులో నేను చేసిన ఒక పెద్ద పొరపాటు బడి బూట్లది. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి జనవరిలోనే బుకింగ్ ఇచ్చి, ఏప్రిల్‌కు సరుకు దించుకుంటాము. ప్రభుత్వ బడుల పిల్లలకు కిట్‌తో పాటు బూట్లు కూడా అందుతాయి కనుక మా లెక్కంతా ప్రైవేటు బడులదే. ఒక ఏడాది, కిందటి సంవత్సరం బిల్లులు ముందు పెట్టుకుని, పిల్లల మూడో నంబరు తక్కువగా అమ్ముడైందని తక్కువే రాశాను. నిజానికి అది అమ్ముడుపోక కాదు, మొదటి వారంలోనే అయిపోయి తరువాత అమ్మడానికి లేక. అమ్మకాల లెక్కలో అమ్మిన జతలే ఉంటాయి కాని, లేదని చెప్పి తిప్పి పంపిన గిరాకీ ఉండదు. ఆ జూన్‌లో కొత్త బూట్లు లేకుండా బడికి వెళ్లిన పిల్లలు తలపుకు వస్తే నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి మా సేల్స్‌మన్ ప్రతి ఒక్కరూ, దుకాణదారు అడిగి మా దగ్గర లేని ప్రతి జతను ఒక నోటుపుస్తకంలో రాస్తారు. దానికి లేదు పుస్తకం అని పేరు. ఆర్డరు రాసేటప్పుడు బిల్లుల కంటే ముందు నేను ఆ పుస్తకమే తెరుస్తాను.

ఇక గోడౌన్. ఆగ్రా నుంచి 1500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన లారీ వచ్చి ఆగగానే ముఠా మేస్త్రి కార్టన్లు లెక్కపెడతాడు, మా గుమాస్తా లారీ రసీదుతో, ఇన్‌వాయిస్‌తో సరిచూస్తాడు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, ఉండాలి, దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఉంటుంది. దించిన తరువాత ప్రతి ఆర్టికల్‌లో కొన్ని పెట్టెలు విప్పి చూస్తాము. ఒకసారి ఎనిమిది అని ముద్రించిన పెట్టెలో కుడి కాలిది ఎనిమిది, ఎడమ కాలిది ఏడు కనబడ్డాయి. అటువంటప్పుడు దాని తోడు తప్పు జత ఇంకొకటి ఎక్కడో ఉందన్నమాట. ఆ రోజు లాట్ మొత్తం విప్పి, ముప్పై ఒకటో పెట్టెలో దాన్ని పట్టుకుని, ఎడమలు మార్చి రెండు జతలనూ నిలబెట్టాము.

నిల్వలో నాకు ఎక్కువ భయం పీయూ సోల్ గురించి. చాలా రకాల పాలియురేథేన్ గాలిలోని తేమతో నెమ్మదిగా విచ్ఛిన్నమై, ఒక్క రోజు కూడా తొడగకపోయినా, కొన్నేళ్లకు పెట్టెలోనే పొడిపొడిగా రాలిపోతుంది. కృష్ణా తీరపు ఉక్కలో అది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే కార్టన్లను నేల మీద పెట్టకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేరుస్తాము. తయారైన నెల బయటికి కనబడేలా తిప్పి ఉంచి, ముందు వచ్చిన సరుకును ముందే పంపుతాము. కొత్త లారీ సరుకును పాతదాని ముందు పేర్చడం తేలికే, కాని అలా చేస్తే వెనుకబడిన జతలు కనబడకుండానే పాడవుతాయి.

పన్ను మారినప్పుడు కూడా భారం గోడౌన్ మీదే పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2500 రూపాయల వరకు జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం అయినప్పుడు, ఉన్న నిల్వలో ఏ ఆర్టికల్ ఎటు వస్తుందో ఒక్కొక్కటీ చూసి బిల్లింగ్‌లో మార్చుకున్నాము.

మొన్న లేదు పుస్తకంలో గుడివాడ దుకాణం ఒకటి గోధుమరంగు శాండల్‌లో ఎనిమిదో నంబరు నాలుగు జతలు అడిగినట్టు ఉంది. మా అరల్లో ఒక్కటీ లేదు, ఫ్యాక్టరీ నుంచి రావాలంటే మూడు వారాలు. పద్దు వెతికితే, అదే ఆర్టికల్ రెండు సెట్లు తీసుకున్న బందరు దుకాణంలో ఎనిమిదులు కదలలేదని తెలిసింది. సేల్స్‌మన్ మంగళవారం అక్కడ నాలుగు జతలు వెనక్కి తీసుకుని, వారికి అమ్ముడయ్యే వేరే ఆర్టికల్ ఇచ్చి, తిరుగు దారిలో గుడివాడ మీదుగా వచ్చాడు. సాయంత్రం ఆ వరుసను ఎర్ర సిరాతో కొట్టేశాము. నమస్కారం.