ట్రావెల్ ట్రైలర్ లాగాలంటే ఏ బండి? ముందు డోర్ తెరిచి చూడండి

(డ్రైవర్ డోర్ తెరుచుకుంటుంది. డోర్ ఫ్రేమ్ మీది స్టిక్కర్ దగ్గరగా.)

నమస్కారం. అమెరికాలో మనవాళ్లు చాలామంది ట్రావెల్ ట్రైలర్ మీద మనసు పడుతున్నారు. పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో యెల్లోస్టోన్ వెళ్లాలంటే వంటిల్లు, పడక వెంటే ఉండడం నిజంగా హాయి. కానీ బ్రోషర్‌లో ‘టోయింగ్ కెపాసిటీ 9,000 పౌండ్లు’ అని చూసి ట్రక్ కొనేయకండి. ముందు ఈ స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదని ఉంటుంది. అదే పేలోడ్. ఒకే మోడల్‌లో కూడా సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్ లాంటివి చేరేకొద్దీ ఇది తగ్గుతుంది. కాబట్టి మీరు కొనబోయే బండి డోరే తెరిచి చూడాలి.

(ట్రైలర్ ముందు భాగం, దాన్ని బండికి తగిలించే హిచ్.)

వెనక లాగే ట్రైలర్‌కి, పేలోడ్‌కి ఏం సంబంధం అంటారా? ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాన్ని బండికి తగిలించే హిచ్ మీద, అంటే మన బండి మీదే పడుతుంది. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. సామానంతా ట్రైలర్ వెనక్కి జరిపి దీన్ని తగ్గిద్దామని మాత్రం అనుకోకండి. ముందు బరువు చాలకపోతే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోతుంది. అది ప్రాణాల మీదికి వస్తుంది.

(స్క్రీన్ మీద లెక్క.)

సామానుతో 6,000 పౌండ్ల ట్రైలర్ అనుకుందాం. 13 శాతం చొప్పున టంగ్ వెయిట్ 780. బండిలో ఐదుగురు, 700. బరువును సర్దే హిచ్ 80. కూలర్, బియ్యం, బ్యాగులు 150. మొత్తం 1,710. స్టిక్కర్ మీద 1,500 ఉంటే 210 పౌండ్లు ఎక్కువైనట్టే. 9,000 లాగగల ట్రక్కే అయినా మీ కుటుంబానికి అది చాలదు.

ట్రైలర్ బరువు కూడా సేల్స్‌మన్ చెప్పే ‘డ్రై వెయిట్’ తీసుకోకండి. అందులో నీళ్లు, సామాను ఉండవు. 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్ల పైమాట. ట్రైలర్ మీద రాసిన గరిష్ఠ బరువుతోనే లెక్క వేయండి.

ఇంట్లో టొయోటా సియెనా మినీవ్యాన్ ఉంటే అది లాగగల పరిమితి 3,500 పౌండ్లు. చిన్న ట్రైలర్లతో సరిపెట్టుకోవాలి. ఎలక్ట్రిక్ బండితో లాగితే రేంజ్ దాదాపు సగానికి పడిపోతుంది, ఛార్జింగ్ దగ్గర ట్రైలర్ విప్పాల్సి రావచ్చు. నన్నడిగితే పెద్ద కుటుంబం, పెద్ద ట్రైలర్ అయితే ముప్పావు టన్ను ట్రక్కే, అంటే ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 లాంటి పెద్ద పికప్పే చూడండి. అప్పుడు కూడా స్టిక్కర్ చదవాల్సిందే, డీజిల్ ఇంజిన్ బరువు పేలోడ్‌ని బాగా తినేస్తుంది. ట్రైలర్ బ్రేకుల్ని బండిలోంచి నడిపే బ్రేక్ కంట్రోలర్ ఉందో లేదో కూడా అడగండి.

(ట్రక్ స్టాప్‌లో తూకం ప్లాట్‌ఫామ్.)

మొదటి ట్రిప్‌కి అందరూ ఎక్కాక, సామానంతా సర్దాక, దారిలో ట్రక్ స్టాప్‌లో బండ్లని తూచే క్యాట్ స్కేల్ మీద ఆపండి. ఒక్కో యాక్సిల్ బరువు విడిగా ఇస్తారు. బండి వెనక యాక్సిల్ అంకెని డోర్ ఫ్రేమ్ మీద రాసిన వెనక యాక్సిల్ పరిమితితో పోల్చండి. దాటితే, దించాల్సినవి అక్కడే దించేయండి.