నీళ్లకు ఓడేది కట్టు కాదు, కింది దూది

అందరికీ నమస్కారం.

ఎముక విరిగి కట్టు వేయించుకున్నవాళ్లను కదిలించి చూడండి. నొప్పి కన్నా ఎక్కువగా స్నానం గురించి, దురద గురించి చెప్పుకుంటారు. పిల్లలైతే మరీను. అందుకే "ఫైబర్ కట్టు వేశారుగా, ఇక తడిపినా ఫర్వాలేదా?" అని చాలామంది అడుగుతారు. అలా అనుకుని తడిపేసి ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు. ఈ రోజు ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను.

ముందు పాత పిండికట్టు సంగతి. జిప్సమ్ అనే ఖనిజాన్ని వేడిచేసి, అందులోని నీటిని చాలావరకు పోగొడితే వచ్చే పొడే ఆ పిండి. తడిపి చుడితే పోయిన నీటిని మళ్లీ పట్టుకుని రాయిలా బిగుస్తుంది. కట్టు వేసేటప్పుడు వెచ్చగా తగిలేది అందుకే. డచ్ సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ 1852లో ఈ పద్ధతిని ప్రచురించాడు. ఇప్పటికీ ఇది మంచి కట్టే, కానీ తర్వాత నీళ్లు తగిలితే మెత్తబడిపోతుంది.

1970లలో వచ్చిన ఫైబర్ కట్టు వేరు. గాజు నార పట్టీకి పాలీయురెథేన్ రెజిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ జిగురు, పట్టించి ఉంటుంది. అది గట్టిపడ్డాక నీళ్లు దాన్నేమీ చేయలేవు. చిక్కంతా దాని కింద చుట్టే దూదితోనే. అది నీళ్లు పీల్చి, గాలి ఆడక, రోజుల తరబడి చెమ్మగానే ఉండిపోతుంది. చర్మం నాని తెల్లబడుతుంది, వాసన వస్తుంది, పుండు పడుతుంది. పైకి మాత్రం కట్టు నిక్షేపంగా కనిపిస్తుంది. నాకు భయం వేసేది అక్కడే.

నిజమైన వాటర్‌ప్రూఫ్ కట్టులో దూది బదులు నీళ్లు పీల్చని లైనింగ్ వేస్తారు. నీళ్లు లోపలికి వెళ్తాయి, మళ్లీ కారిపోతాయి. మిగిలిన తడి ఒంటి వేడికి ఆరిపోతుంది. కాబట్టి కట్టు వేసేటప్పుడే "లోపల ఏం వేస్తున్నారు?" అని అడగండి. ఇది అందరికీ కుదరదు. వాపు ఇంకా ఉన్నా, ఆపరేషన్ కుట్లు ఉన్నా, ఎముకను పట్టి ఉంచే పిన్నులు బయటికి కనిపిస్తున్నా డాక్టరు వద్దనే అంటారు. కుదిరినవాళ్లు కూడా ఈత కొట్టాకా, సబ్బు వాడాకా మంచినీళ్లతో లోపలి దాకా కడుక్కోవాలి. ఇసుక, బురద జోలికి పోవద్దు.

మామూలు దూది కట్టు బాగా తడిసిందా? అదే ఆరుతుందిలే అని ఊరుకోవద్దు. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పెట్టారంటే చర్మం కాలుతుంది. వెళ్లి కట్టు మార్పించుకోండి. దురద పుడితే పుల్లలు, సూదులు లోపలికి దూర్చొద్దు.

ఇక ఏ కట్టయినా సరే, వేళ్లు తిమ్మిరెక్కినా, పాలిపోయినా, నీలంగా మారినా, వాటిని చాపుతుంటే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. అది అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయల్దేరండి.