మెరక చేసే ముందు మురుగు దారి చూడండి
(నరసాపురంలో పట్టణ ప్రణాళికపై జరిగిన సభలో ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, రైతు సోదరులకు నమస్కారం.

నరసాపురం పెరగాలా వద్దా అని నేను వాదించబోవడం లేదు. పెరగాలి. వశిష్ఠ గోదావరి ఒడ్డున పుట్టిన ఈ ఊరు మొదటినుంచీ వ్యాపారం మీద బతికిందే. 17వ శతాబ్దంలోనే పక్కనున్న మాధవాయిపాలెంలో ఓడలు కట్టారు, ఇక్కడి బట్ట సముద్రాలు దాటి వెళ్లింది. ఇప్పుడు 216 జాతీయ రహదారి మన మీదుగా పోతోంది. మన పిల్లలకు ఇక్కడే పని, ఇక్కడే ఇల్లు దొరకాలని ఎవరికుండదు? నా బాధల్లా ఒకటే. వాననీరు ఎటు పోతుందో చూసుకోకుండా కట్టేస్తున్నాం.

మన నేల చూపుకి చదునే గానీ నీటికి చదును కాదు. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా వదిలిపోయిన ఇసుక దిబ్బలు తీరం పొడవునా వరసలుగా ఉన్నాయి. వాటి మధ్య పల్లం. మన ముత్తాతలు దిబ్బల మీద ఇళ్లు కట్టుకుని కొబ్బరి వేశారు, పల్లాన్ని వరికి వదిలారు. పెద్ద వాన పడితే నీళ్లు చేలల్లో నిలిచి, బోదెల్లోంచి, అంటే చేల మధ్య చిన్న కాలవల్లోంచి, నెమ్మదిగా పెద్ద మురుగు కాలవ అయిన డ్రెయిన్‌కి, అక్కణ్ణుంచి సముద్రానికి చేరతాయి. అదీ సముద్రం వెనక్కి తీసే పాటు సమయంలోనే. సముద్రం పొంగే పోటు మీద మురుగు లాగదని ఇక్కడున్న ప్రతి రైతుకీ తెలుసు. అంటే కొన్ని గంటలపాటు ఆ నీళ్లను మోయాల్సింది మన చేలే.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. పల్లంలో రెండెకరాల చేను కొంటారు. లారీలతో మట్టి తోలించి రోడ్డు ఎత్తుకి మెరక చేసి, ప్లాట్లకు రాళ్లు పాతుతారు. మధ్యనున్న మురుగు బోదె రెవెన్యూ పటంలోనే మిగులుతుంది. వెనక చేను రైతుకి ఆ ఏడాది నుంచే ముంపు మొదలు. నాట్లు కుళ్లి రెండు సార్వా (వానాకాలం) పంటలు పోయాక అతనూ అమ్ముకుంటాడు. అది ఇష్టపడి అమ్మిన భూమి కాదు. ప్లాటు కొన్నవాళ్లయినా సుఖంగా ఉంటారా అంటే, పక్క లేఅవుట్ ఇంకో అడుగు ఎత్తు లేపేదాకానే. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొరమీదే వేయడంతో పాత వీధుల ఇళ్లు పల్లంలో పడ్డాయి. గుమ్మం దాటి నీళ్లు లోపలికొస్తున్న ఇళ్లు ఈ పట్టణంలో ఎన్ని లేవు? రొయ్యల చెరువుల గట్లూ ఇదే పని చేస్తున్నాయి, పైగా పక్క చేలకు ఉప్పు ఊరుతోంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకి నీరు వచ్చింది. వచ్చిన నీరు బయటికి పోయే దారి మాత్రం ఎప్పుడూ వెనకబడే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పనుల కోసమే 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చారు. అయినా 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల మాట కూడా ఎత్తారు.

పల్లెతనం కాపాడాలంటే కొబ్బరిచెట్ల ఫొటోలు కాపాడటమని కొందరనుకుంటారు. నేనొప్పుకోను. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మన నరసాపురం లేసు ఎవరు అల్లుతున్నారు? చుట్టుపక్కల ఊళ్లలో ఇంటిపని మధ్య, అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు. వాళ్ల చేను మునిగి కుటుంబం హైదరాబాదు వెళ్లిపోతే, ఈ పట్టణంలో లేసు దుకాణానికి సరుకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పేరుపాలెం వైపు రిసార్టుల సంగతీ చెప్పాలి. తీరంలో కట్టడాలను నియంత్రించే 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో జనసాంద్రత ఎక్కువున్న తీర గ్రామాలకు నిర్మాణ నిషేధ హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించే వీలు పెట్టారు. వీలుంది కదా అని మొగలి పొదలు కొట్టి, అలలకు అడ్డునిలిచే దిబ్బ చదును చేయొద్దు. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్లను ఎలా తీసుకుపోతోందో ఒక్కసారి వెళ్లి చూసి రండి.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. మాస్టర్ ప్లాన్‌లో రోడ్ల పటం కంటే ముందు పల్లం, మెరక, బోదెల పటం గీయాలి. డ్రెయినేజీ ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెట్టందే లేఅవుట్ మంజూరు చేయకూడదు. మట్టి ఎంత ఎత్తు తోలొచ్చో హద్దు పెట్టాలి. పల్లంలో కట్టక తప్పదంటే స్తంభాల మీద ఇల్లు లేపుకోనివ్వండి, కింద నీళ్లు పోతాయి. కొత్త కాలనీలకు దిబ్బ భూములు, ఊళ్లో ఖాళీగా పడున్న స్థలాలు ముందు చూడాలి. దిబ్బ మీద ధర ఎక్కువన్నది నిజమే. పేదల కాలనీలకు ఆ తేడా ప్రభుత్వం భరించాలి. తక్కువకొస్తుందని వాళ్లను తీసుకెళ్లి పల్లంలో పెట్టడం అన్యాయం.

ముసాయిదా ప్రణాళిక బయటపెట్టాక అభ్యంతరాలకు గడువు ఇస్తారు. అప్పుడు నోటిమాట సరిపోదు, సర్వే నంబరు కావాలి. ఆ గోడ పక్క బల్లల మీద ఊరూరి పటాలు పరిచాం, ఎర్ర పెన్నులు కూడా ఉన్నాయి. మీ చేను పక్క బోదె ఎక్కడ మూసుకుపోయిందో, మొన్నటి వానలకు మీ వీధిలో నీళ్లు ఎందాకా వచ్చాయో వెళ్లేముందు గీసి వెళ్లండి. చదువు రాని పెద్దలకు మా కుర్రాళ్లు పక్కనే ఉండి రాసిపెడతారు.