నలభై దాటాక తెడ్డు పట్టేవారికి

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది నలభై దాటినవారే. పోటీలో తెడ్డు వేయాలని కొందరు, పోనుపోను కోచ్‌గా నిలబడాలని కొందరు వచ్చారు. ఇద్దరికీ నేను చెప్పేది డ్రాగన్ పడవ. ఒక్కరే నడిపే సన్నని పోటీ పడవ కయాక్‌లో తిరగబడకుండా కూర్చోవడానికే నెలలు పడుతుంది, డ్రాగన్ పడవలో ఆ బెడద లేదు. ఇరవైమంది పది వరసల్లో జంటలుగా కూర్చుంటారు. ముందు డప్పు కొట్టేవారు, వెనక చుక్కాని పట్టేవారు ఉంటారు. అంతర్జాతీయ పోటీల్లో 40, 50, 60 దాటినవారికి వేర్వేరు విభాగాలున్నాయి. మన ఆత్రేయపురం కాలువలోనూ సంక్రాంతికి ఈ పడవలు పోటీ పడుతున్నాయి.

"ఈ వయసులో ఊపిరి అందుతుందా?" అని అందరూ అడుగుతారు. బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకుని డాక్టరు సరేనంటే ఆయాసం సంగతి రెండు మూడు నెలల్లో సర్దుకుంటుంది. అసలు చిక్కు కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లతో వస్తుంది. గుండె, కండరం త్వరగా అలవాటు పడతాయి, టెండన్ నెమ్మదిగా గట్టిపడుతుంది. రెండో నెలలో "ఇంకా వేయగలను" అనిపించేది కండరానికి, మోచేతికి కాదు. ఎక్కువమంది ఒడ్డున కూర్చునేది సరిగ్గా అప్పుడే.

జాగ్రత్తగా పెంచుకుంటూ పోతే శరీరం ఎంత తట్టుకుంటుందో 1996లో వాంకూవర్‌లో తేలింది. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయినవారు చేతులతో బరువు పని చేస్తే చేయి వాస్తుందని అప్పట్లో వైద్యులు వద్దనేవారు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ క్రీడా వైద్యుడు డాన్ మెకెంజీ అలాంటి 24 మంది మహిళలను ముందు జిమ్‌లో తయారుచేసి, తర్వాతే పడవ ఎక్కించారు. కొత్తగా ఎవరికీ వాపు రాలేదు, ముందే ఉన్నవారికి ముదరలేదు. నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఆ వరస: ముందు నేల, తర్వాత నీరు.

అందుకని మొదటి ఆరు వారాలు వారానికి రెండుసార్లు రబ్బరు బ్యాండుతో భుజాన్ని బయటికి తిప్పే వ్యాయామం పదిహేనేసి చొప్పున మూడు విడతలు, డంబెల్‌తో రోయింగ్, నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేవడం చేయండి. ఆ తర్వాత నీటి మీద వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో 48 గంటల విరామం ఉండాలి. నిమిషానికి 50 తెడ్ల వేగంతో నాలుగు నిమిషాలు వేసి రెండు నిమిషాలు ఆగండి, అలా నాలుగుసార్లు. నొప్పి పదికి మూడు దాటినా, మర్నాడు పొద్దుటికి తగ్గకపోయినా తర్వాతి సాధన సగానికి కోసేయండి.

తెడ్డు పొడవు 105 నుంచి 130 సెంటీమీటర్ల మధ్య ఉండాలని నియమం. కొత్తవారు పొడవైనది కొనేస్తారు. తెడ్డు పొడవైతే పై చేయి తలకంటే ఎత్తుకు పోతుంది, భుజంలో టెండన్ నలుగుతుంది. తెడ్డు చివర వెడల్పుగా ఉండే రెక్క నీళ్లలో పూర్తిగా మునిగినప్పుడు పై చేయి నుదుటి ఎత్తు దాటకపోతే సరైన కొలత. మొదటి ఏడాది అరువు తెడ్డుతోనే గడిపేయండి.

ఇక వేటు, అంటే తెడ్డు ఒకసారి ముంచి లాగడం. పడవ అంచుకు తుంటి ఆనేలా కూర్చుని, అంచు వైపు కాలు ముందుకు తన్నిపట్టండి. నడుము నుంచి తిరిగి, కింది చేయి చాచండి. రెక్క మొత్తం మునిగాకే లాగాలి. సగం మునగగానే లాగితే గాలి బుడగలు, చప్పుడు తప్ప పడవకు వేగం రాదు. నీళ్లలో గుంజ పాతి, దాన్ని పట్టుకుని పడవను గుంజ దగ్గరికి లాక్కుంటున్నట్టు ఉండాలి. మోచేయి మడిచి లాగేవారికే మోచేతి లోపలి వైపు నొప్పి వస్తుంది. తెడ్డు తొడ మధ్యకు రాగానే బయటికి తీసేయండి. తుంటి దాటిందంటే నీళ్లను పైకి ఎత్తుతుంది, పడవ వెనక భాగం కిందికి దిగుతుంది. పిడికిలి బిగించినవారికి ముంజేయి ముందుగా అలిసిపోతుంది. సాధనలో కుడి ఎడమలు మారుతూ ఉండండి, ఒకే వైపు వేస్తే భారమంతా ఆ వైపే పడుతుంది.

తాళం డప్పును బట్టి అనుకుంటారు, కాదు. చప్పుడు వినేసరికే ఆలస్యం. కళ్లు ఏటవాలుగా అవతలి వైపు మొదటి వరసవారి తెడ్డు మీద ఉండాలి. తన రెక్కను తాను చూసుకునేవారు ఎప్పుడూ ఒక క్షణం వెనకే ఉంటారు.

పోటీ మొదట్లో పడవ, మనుషులు కలిసి ఒకటిన్నర టన్నుకు పైగానే కదలకుండా నిలిచి ఉంటుంది. అప్పుడు గబగబా వేస్తే నీళ్లు చిందుతాయంతే. మొదటి అయిదారు వేట్లు లోతుగా, నిదానంగా వేసి, పడవ కదిలాక ఇరవై వేట్లు వేగంగా వేయాలి. ఆ తర్వాత దూరమంతా మోయగల వేగానికి దిగాలి. 500 మీటర్ల పోటీలో నలభై దాటిన జట్లు ఓడేది ఈ మూడో అంకంలో. వేగం దించడానికి మనసొప్పదు.

కోచ్ కాదలచినవారు ముందు ఒక ఏడాది అన్ని వరసల్లో కూర్చోండి, చుక్కాని పట్టండి. వెనక వరసలకు వచ్చే నీరు అప్పటికే వెనక్కి కదులుతూ ఉంటుంది, అక్కడ రెక్క పట్టు దొరకడం కష్టం. అది అక్కడ కూర్చుంటే తప్ప తెలియదు, తెలియని కోచ్ తొమ్మిదో వరసవారిని ఊరికే తిడతాడు. బరువైనవారిని మధ్య వరసల్లో, తేలికైనవారిని ముందు వెనకల్లో పెట్టండి. కుడి ఎడమల మొత్తం బరువు కాగితం మీద కూడుకుని చూడండి. తేడా ఉంటే పడవ ఒరుగుతుంది, ఎత్తున ఉన్నవారి తెడ్డు అందదు.

తప్పు దిద్దేటప్పుడు రోజుకు ఒకటే. వీడియోను పడవకు సరిగ్గా పక్క నుంచి తీయండి. ముందు నుంచి తీస్తే రెక్క ఎప్పుడు మునిగిందో కనపడదు. పెద్దవాళ్లను పడవలో అందరి ముందు పేరు పెట్టి అరిస్తే మన దగ్గర మనసు నొచ్చుకుంటారు, మర్నాడు రారు. "ఆరో వరస ఎడమ, ముంచాక లాగండి" అంటే చాలు. మిగతాది ఒడ్డుకొచ్చాక పక్కకు పిలిచి చెప్పండి. మెరుగుదలకు నేను నమ్మే కొలత ఒకటే: అదే వేగంతో 100 మీటర్లకు ఎన్ని తెడ్లు పడ్డాయో లెక్కపెట్టడం. ఆ లెక్క తగ్గుతుంటే నేర్పింది అంటుకుంటున్నట్టు.

లైఫ్ జాకెట్ లేనివారిని ఎక్కించకండి. బట్టలతో 50 మీటర్లు ఈదించి చూశాకే జట్టులోకి తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించండి. మురుగు కలిసే నీటిలో గాయంతో దిగితే ఎలుక జ్వరం భయం ఉంది, కాలికి చిన్న గీత పడినా నీరు తగలని పట్టీ వేయించండి. ఉరుము వినపడితే పడవను అప్పుడే ఒడ్డుకు తిప్పేయండి.