గడ్డా, రక్తస్రావమా? స్ట్రోక్‌ను మంచం పక్కనే తేల్చే ఆప్టికల్ సెన్సర్లు

ఇంజినీర్: నమస్తే. ఈ ఎపిసోడ్‌లో అంబులెన్స్‌లోనో క్యాజువాలిటీలోనో, వేలి నుంచి తీసిన రక్తంతో చేసే స్ట్రోక్ పరీక్ష గురించి మాట్లాడుకుందాం. సెన్సర్ సంగతి నేను చెబుతాను. ముందు మీరు చెప్పండి మేడమ్, ఆ పరీక్ష మీకు ఏం తేల్చి చెప్పాలి?

డాక్టర్: మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా? అదొక్కటి చాలు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూతి వంకర పోతుంది, చెయ్యి పడిపోతుంది, మాట తడబడుతుంది. వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తి విరుద్ధం. మూసుకుపోతే గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇస్తాం. కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాములు, ఎంత బరువున్నా 90 దాటకూడదు. పదో వంతు ఒక్కసారిగా, మిగతాది గంటసేపు. మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే. అదే మందు చిట్లిన నాళం ఉన్న మనిషికి ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. అందుకే సీటీ చూడకుండా ఎవరూ ఆ మందు జోలికి వెళ్లరు.

ఇంజినీర్: ఆ తేడాను రక్తంలో పట్టిచ్చే ప్రొటీన్ ఏది?

డాక్టర్: ఇప్పటికైతే జీఎఫ్ఏపీ అన్నిటికన్నా ముందుంది. మెదడులో నరాల కణాలకు అండగా ఉండే ఆస్ట్రోసైట్ కణాల లోపలి చట్రంలో ఉంటుంది. రక్తం ఎగజిమ్మితే ఆ కణాలు అక్కడికక్కడే చిరిగిపోయి, కాసేపట్లోనే ప్రొటీన్ రక్తంలోకి వచ్చేస్తుంది. గడ్డ అడ్డుపడినప్పుడు కణాలు నిదానంగా చనిపోతాయి కాబట్టి అది పెరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. మొదటి కొన్ని గంటల్లో కనిపించే ఈ తేడాయే మనకు ఆధారం. 2012లో వచ్చిన ఒక జర్మన్ అధ్యయనంలో, 4.5 గంటల లోపు తీసిన రక్తంలో మిల్లీలీటరుకు 0.29 నానోగ్రాముల దగ్గర హద్దు పెడితే, రక్తస్రావాల్లో 84 శాతం దొరికాయి. రక్తస్రావం లేనివాళ్లలో 96 శాతం మందికి సరిగ్గా లేదనే వచ్చింది.

ఇంజినీర్: ఆ 0.29 అంటే సుమారు 6 పీకోమోలార్. పీకోమోలార్ అంటే లీటరుకు ఒక మోల్‌లో లక్ష కోట్లో వంతు. ప్లాస్మాలో మొత్తం ప్రొటీన్ మిల్లీలీటరుకు 60 నుంచి 80 మిల్లీగ్రాములు. అంటే మనం వెతికేదానికంటే చుట్టూ ఉన్న ప్రొటీన్ బరువు ఇరవై కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. ఈ రంగంలో వచ్చే చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. కాంతిని కొలవడం అంత కష్టం కాదు, ఈ రక్తంలో కొలవడమే కష్టం.

డాక్టర్: ఎస్‌పీఆర్‌తో అంటే బంగారు పొర మీద కాంతి ప్రతిఫలనాన్ని చూసే పద్ధతితో, లేబుల్ (వెలిగే గుర్తు) అతికించకుండానే నేరుగా చూడొచ్చంటారుగా?

ఇంజినీర్: ల్యాబ్‌లో చూడొచ్చు. గాజు మీద 50 నానోమీటర్ల బంగారు పొర, దాని కింద పట్టు కోసం 2 నానోమీటర్ల క్రోమియమో టైటేనియమో. ప్రిజం వైపు నుంచి కాంతి వేస్తే ఒక కోణంలో ప్రతిఫలనం ఒక్కసారిగా పడిపోతుంది. బంగారం మీదున్న యాంటీబాడీకి, అంటే ఆ ప్రొటీన్‌ను ఎంచి పట్టుకునే అణువుకు, ప్రొటీన్ అంటుకుంటే ఆ కోణం కాస్త జరుగుతుంది. కానీ బంగారం దగ్గర 200, 300 నానోమీటర్ల లోపు ఏం చేరినా సిగ్నలే వస్తుంది. రక్తంలో మామూలుగా ఉండే ఆల్బుమిన్ అంటుకున్నా, ఫైబ్రినోజెన్ అంటుకున్నా అంతే. ఇక ఉష్ణోగ్రత సంగతి. డిగ్రీకి నీటి వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే తీరు, సుమారు 0.0001 మారుతుంది. మనం కొలవాలనుకునే మార్పు 0.000001. వందో వంతు డిగ్రీ తేడా వస్తే చాలు, అసలు సిగ్నల్ అంత తప్పుడు సిగ్నల్ వచ్చేస్తుంది. తలుపు తీసి మూసే అంబులెన్స్‌లో అది కుదిరే పని కాదు. పైగా లేబుల్ లేకుండా ఈ సైజు ప్రొటీన్‌ను నానోమోలార్, అంటే వెయ్యి పీకోమోలార్ల దగ్గర చూడగలం. మనకు కావాల్సింది దానికి వందో వంతు కన్నా తక్కువ.

డాక్టర్: మరి మీరు ఎంచుకునేది?

ఇంజినీర్: ఫ్లోరసెన్స్ స్ట్రిప్. యూరోపియం నింపిన నానో కణాలకు ఒక యాంటీబాడీ, నైట్రోసెల్యులోజ్ అనే కాగితం లాంటి పొర మీది గీతకు ఇంకో యాంటీబాడీ. రెండింటి మధ్య ప్రొటీన్ వంతెనలా నిలిస్తే కణాలు గీత దగ్గర ఆగుతాయి. 365 నానోమీటర్ల ఎల్ఈడీతో వెలిగిస్తే 615 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. ఆ వెలుగు వందల మైక్రోసెకన్లు నిలుస్తుంది. రక్తం, నైట్రోసెల్యులోజ్ సొంతంగా ఇచ్చే వెలుగు నానోసెకన్లలో ఆరిపోతుంది. అందుకని ఎల్ఈడీ ఆపి, వంద మైక్రోసెకన్లు ఆగి, అప్పుడు డిటెక్టర్ తెరుస్తాం. వెనకాల చీకటి తప్ప ఏమీ మిగలదు. ఇంత చవకైన ఉపాయం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

డాక్టర్: మా నర్సులు అడిగేది వేరే. మొదటి చుక్క ఎందుకు తుడిచేయాలి, వేలు ఎందుకు పిండకూడదు?

ఇంజినీర్: మొదటి చుక్కలోనైనా, గట్టిగా పిండినా కణజాల ద్రవం కలిసి ప్రొటీన్ పలచబడుతుంది, పిండితే ఎర్ర కణాలు కూడా పగులుతాయి. బయటపడిన హిమోగ్లోబిన్ 415 నానోమీటర్ల దగ్గర కాంతిని విపరీతంగా మింగేస్తుంది. 365 దగ్గర కూడా తక్కువేం కాదు, ఎల్ఈడీ వెలుగు కణాల దాకా పూర్తిగా చేరదు. అందుకే స్ట్రిప్ మొదట్లో రక్త కణాలను ఆపే ఫిల్టర్ పెడతాం. 60 మైక్రోలీటర్ల రక్తం వేస్తే 20 ప్లాస్మా చిక్కినా మంచిదే. 6 పీకోమోలార్ దగ్గర ఆ 20లో కూడా సుమారు 7 కోట్ల జీఎఫ్ఏపీ అణువులుంటాయి. అణువులకు కొరత లేదు. అవి యాంటీబాడీ దాకా చేరడమే ఆలస్యం. ఈ సైజు ప్రొటీన్ దానంతట అది 100 మైక్రోమీటర్లు జరగడానికి నిమిషం పైన పడుతుంది. ఒక మిల్లీమీటరైతే సుమారు రెండు గంటలు! అందుకే చిప్ చేసేవాళ్లు చానెల్ ఎత్తు 100 మైక్రోమీటర్లు దాటనివ్వరు. స్ట్రిప్‌లో ఆ రంధ్రాలు సహజంగానే సన్నవి.

డాక్టర్: తయారీలో ఎక్కడ దెబ్బతింటారు?

ఇంజినీర్: కణాలకు యాంటీబాడీ అతికించే దగ్గర. పైన కార్బాక్సిల్ గుంపులున్న కణాలను పీహెచ్ 6 ఎంఈఎస్ బఫర్‌లో, అతికించే రసాయనాలైన ఈడీసీ, సల్ఫో-ఎన్‌హెచ్ఎస్‌తో 15 నుంచి 30 నిమిషాలు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో కడిగి, వెంటనే యాంటీబాడీ కలపాలి. ఆలస్యమైతే కణం మీద ఏర్పడిన క్రియాశీల గుంపు నీటితోనే చర్య జరిపి ఖర్చయిపోతుంది. కొనుక్కున్న యాంటీబాడీ ట్రిస్ బఫర్‌లోనో, గ్లైసిన్ కలిపో వస్తే ముందు బఫర్ మార్చాల్సిందే. వాటిలోని అమైన్లు యాంటీబాడీ చోటు లాగేసుకుంటాయి. గీత వెలగదు, తప్పు ఎక్కడుందో తెలియక వారాలు పోతాయి. చివర్లో ఎథనోలమైన్, ఆల్బుమిన్‌తో బ్లాక్ చేసి, సోనికేటర్‌లో పెట్టి ముద్దలు విడగొట్టాలి. వదిలేస్తే ఒక్క ముద్ద గీత మీద ఆగినా రక్తస్రావం ఉన్నట్టు చూపిస్తుంది.

డాక్టర్: రోగి రక్తంలోని యాంటీబాడీలే రెండు యాంటీబాడీలను కలిపేస్తే?

ఇంజినీర్: అదీ జరుగుతుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్, అంటే వేరే యాంటీబాడీలకు అంటుకునే యాంటీబాడీ, ఉన్నవాళ్లలో ముఖ్యంగా. శాంపిల్ ప్యాడ్‌లో వాటిని ముందే పట్టేసుకునే బ్లాకింగ్ ఐజీజీ యాంటీబాడీ వేయాలి, వీలైతే ఒక వైపు పూర్తి యాంటీబాడీకి బదులు దాని పట్టుకునే కొస, అంటే ఫ్యాబ్ ముక్క వాడాలి. ఇంకొకటి హుక్ ఎఫెక్ట్. జీఎఫ్ఏపీ మరీ ఎక్కువుంటే గీతనూ కణాలనూ విడివిడిగా నింపేస్తుంది, వంతెన ఏర్పడదు. పెద్ద రక్తస్రావానికే గీత పలచగా వస్తుందన్నమాట! మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల దాకా కలిపి, గీత తగ్గడం లేదని చూసుకున్నాకే స్ట్రిప్ బయటికి పంపాలి.

డాక్టర్: సరే, అన్నీ కుదిరాయనుకుందాం. ఇందాకటి లెక్కే తీసుకోండి. వంద మంది స్ట్రోక్ రోగుల్లో 20 మందికి రక్తస్రావం. పరీక్ష వాళ్లలో 17 మందిని పడుతుంది, ముగ్గురు తప్పిపోతారు. మిగతా 80లో ముగ్గురికి ఊరికే ఉందంటుంది. పాజిటివ్ వచ్చిన 20 మందిలో 17 మందికి నిజంగా ఉంది. నెగటివ్ వచ్చిన 80లోనూ ముగ్గురికి ఉంది. ఆ ముగ్గురు ఎవరో తెలియకుండా ఆల్టెప్లేజ్ ఎక్కించలేను. కాబట్టి నెగటివ్ వచ్చినా సీటీ తప్పదు.

ఇంజినీర్: పాజిటివ్ వస్తే?

డాక్టర్: అక్కడ నిజంగా పనికొస్తుంది. అంబులెన్స్‌ను నేరుగా న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికి మళ్లిస్తాం. రక్తం పలచబడే మందు వాడుతుంటే దానికి విరుగుడు సిద్ధంగా ఉంచమంటాం. 2024లో చైనా అంబులెన్స్‌లలో చేసిన ఇంటరాక్ట్-4 ట్రయల్ చూడండి. దారిలోనే బీపీ తగ్గిస్తే రక్తస్రావం ఉన్నవాళ్లకు మేలు జరిగింది, గడ్డ ఉన్నవాళ్లకు కీడు జరిగింది. కలిపి చూస్తే తేడా లేదు. దారిలో ఆ రెండింటినీ వేరు చేయగలిగితే ఆ మేలు దక్కుతుంది. ఒక్క మాట, ఈ స్ట్రిప్ కంటే ముందు గ్లూకోజ్ చూడాలి. షుగర్ పడిపోయినా చెయ్యి పడిపోతుంది.

ఇంజినీర్: రక్తం తీయకుండా తల మీద పెట్టే పరికరాలూ ఉన్నాయి.

డాక్టర్: ఇన్‌ఫ్రాస్కానర్. 808 నానోమీటర్ల కాంతితో కుడి ఎడమలను పోలుస్తుంది. 3.5 మిల్లీలీటర్ల పైన, మెదడు ఉపరితలం నుంచి 2.5 సెంటీమీటర్ల లోపున్న రక్తాన్నే పడుతుంది. తల గాయాలకు మంచిదే. బీపీ వల్ల వచ్చే రక్తస్రావాలు ఎక్కువగా మెదడు లోపలి బేసల్ గాంగ్లియాలో, అంతకన్నా లోతున ఉంటాయి. అందుకే స్ట్రోక్‌కు దాన్ని నమ్ముకోను.

ఇంజినీర్: జీఎఫ్ఏపీ ఎవరిలో తప్పుతోవ పట్టిస్తుంది?

డాక్టర్: తలకు దెబ్బ తగిలినా, గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ ఉన్నా పెరుగుతుంది. వయసుతో, అల్జీమర్స్‌తో మామూలు మట్టమే కాస్త ఎక్కువ. చిన్న రక్తస్రావంలో, లక్షణాలు మొదలైన వెంటనే తీసిన రక్తంలో తక్కువ ఉంటుంది. అందుకే పరికరంలో లక్షణాలు మొదలైన సమయం నమోదు చేయకుండా ఫలితం చూపించకూడదు.

ఇంజినీర్: తెర మీద ఏం రాయమంటారు?

డాక్టర్: రెండే మాటలు. జీఎఫ్ఏపీ హద్దు దాటితే 'రక్తస్రావం సూచన ఉంది'. దాటకపోతే 'తేలలేదు, సీటీ తీయండి'. 'రక్తస్రావం లేదు' అనే మాట ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా ఉండకూడదు. స్ట్రిప్ సరిగా పనిచేసిందని చూపే కంట్రోల్ గీత వెలగకపోతే అంకె చూపించకుండా కొత్త స్ట్రిప్ అడగాలి.